22 ఏళ్లు సీలు తీయకుండా దాచిన బొమ్మ కారు లోపలే పగిలింది. మిగతావి విప్పేయనా?

సీలు_రాజా
బీరువా సర్దుతుంటే ఒక అట్టపెట్టెలో నా పాత డైకాస్ట్ (లోహంతో పోత పోసిన) బొమ్మ కార్లు బయటపడ్డాయి. 61 ఉన్నాయి. అన్నీ వెనకుండే అట్ట కార్డు మీదే, పైన కప్పే ప్లాస్టిక్ బ్లిస్టర్ కూడా చెక్కు చెదరలేదు. మొదటిది కొని 22 ఏళ్లయింది. చిన్నప్పుడు ఇంట్లో కొనిపెట్టలేదు, జీతం వచ్చాక ఆ కసి తీర్చుకున్నా. కానీ ఒక్కటి కూడా విప్పలేదు. విప్పితే విలువ పోతుందని ఎవరో అన్నారు, అదే బుర్రలో ఉండిపోయింది.

అసలు సంగతేంటంటే, అందులో ఒక కారు బ్లిస్టర్ లోపలే పగిలింది. ఎవరూ ముట్టుకోలేదు, కింద పడలేదు. బానెట్ మీద సన్నగా బీటలు, తలుపు దగ్గర లోహం ఉబ్బి రంగు పెచ్చులు లేచింది. ఇంకో పెట్టెలో మెత్తటి ప్లాస్టిక్ బొమ్మ ఒకటి ఉంది, దాని ఒంటి నిండా జిగురు పూసినట్టు తడి. దాని సీలూ తీయలేదు.

మరి ఇంతకాలం నేను దేనికి కాపలా కాసినట్టు? వచ్చే వారం మా అక్క కొడుకు వస్తున్నాడు, ఏడేళ్లవాడు. మిగతా 60 విప్పి వాడి ముందు పోసేయనా? కత్తెర చేతిలోనే ఉంది.

గీతల_కారు
చేతిలో కత్తెర పెట్టుకుని ఇక్కడ టైపు చేస్తున్నావేంటి గురూ.

మూల_మడత
కత్తెర కింద పెట్టండి. ఒకటి పగిలిందని అరవై నరుకుతారా? ముందు ఏయే మోడళ్లో జాబితా రాసి పెట్టండి. ఆవేశంలో విప్పిన బ్లిస్టర్ మళ్లీ అతకదు.

ఊరికే_చూస్తున్నా
పాప్‌కార్న్ తెచ్చుకున్నా. కానివ్వండి.

రబ్బరు_రింగు
రాజా గారూ, మీ తప్పేం లేదు. అది జింక్ పెస్ట్. కారు బాడీలు జింక్ మిశ్రమంతో పోత పోస్తారు. ఆ జింక్‌లో సీసం లాంటిది పిసరంత కలిసినా చాలు, లోహపు రేణువుల మధ్య సందుల్లో తుప్పు మొదలవుతుంది. పైకి ఏమీ కనపడదు. కొన్నేళ్లకు ఉబ్బుతుంది, వంగుతుంది, బీటలు వారుతుంది, చివరికి చేత్తో నలిపితే పొడి. న్యూజెర్సీ జింక్ కంపెనీ 1929లో జమాక్ అనే మిశ్రమాలు తెచ్చింది, వాటికి చాలా శుద్ధమైన జింక్ కావాలి. ఆ శుద్ధి పాటించకుండా చెత్తాచెదారం కరిగించి పోత పోసిన చోటల్లా ఈ జబ్బు మళ్లీ వస్తూనే ఉంది. రెండో ప్రపంచ యుద్ధానికి ముందటి డింకీ బ్రాండు బొమ్మ కార్లు సేకరించేవాళ్లని అడగండి, కథలు కథలుగా చెప్తారు.

అంటే ఆ కారు చావు ఫ్యాక్టరీలో పుట్టిన రోజే రాసి ఉంది. మీరు విప్పినా, విప్పకపోయినా. వేడి, తేమ ఉంటే ఇంకాస్త తొందరగా. ఆపడానికి మందు లేదు. అంటువ్యాధి మాత్రం కాదు, పక్క కార్లకి పాకదు, కంగారు పడకండి.

ఇక తడిగా ఉన్న బొమ్మ సంగతి వేరు. పీవీసీ అనే ప్లాస్టిక్ గట్టిగా ఉంటుంది కాబట్టి మెత్తబరచడానికి అందులో ఒక ద్రవం కలుపుతారు. ఏళ్లు గడిచేకొద్దీ అది బయటికి ఊరుతుంది. మీరు సీలు తీయకపోవడమే దానికి చెడు చేసింది. మూసిన పెట్టెలో గాలి ఆడదు, ఊరింది ఎటూ పోలేక ఒంటి మీదే నిలిచింది. గోరువెచ్చని నీళ్లు, తేలికపాటి సబ్బుతో కడిగి గాలికి పెట్టండి. కొన్నాళ్లకి మళ్లీ ఊరితే మళ్లీ కడగండి.

సీలు_రాజా
అంటే ఒకటేమో ఎలాగూ చచ్చేది, ఇంకొకటి నేనే ఊపిరాడకుండా చేశా. భలే.

మూల_మడత
రబ్బరు గారు చెప్పింది నిజమే, కానీ దాన్ని పట్టుకుని "దాచడం దండగ" అని తేల్చేయకండి. నా దగ్గర 1980ల నాటి కార్డులు ఉన్నాయి, ఇప్పటికీ గట్టిగా నిలబడతాయి. ఎండ తగలని గది, తేమ పెరగకుండా సిలికా జెల్, కార్డు వంగకుండా గట్టి ప్లాస్టిక్ కవరు. ఆరు నెలలకోసారి తీసి చూస్తా. దాచడమంటే బీరువా అడుగున పడేసి మర్చిపోవడం కాదు. మీరు చేసింది దాచడం కాదు సార్, పాతిపెట్టడం.

గీతల_కారు
ఆరు నెలలకోసారి తీసి చూసి మళ్లీ లోపల పెడతారా? జైల్లో ములాఖత్ లాగా?

మూల_మడత
నవ్వండి నవ్వండి. మీరంతా కారు చూస్తారు, నేను కార్డు చూస్తా. ఆ బొమ్మలు గీసిన ఆర్టిస్టులు ఉన్నారు, ఆ అక్షరాలు, ఆ రంగులు, వెనక వైపు మిగతా మోడళ్ల పట్టిక. పిల్లాడు మొట్టమొదట చూసేది దాన్నే, మొట్టమొదట చింపి పారేసేదీ దాన్నే. కారు లక్షల్లో మిగిలింది. కార్డు వందల్లో మిగిలిందో లేదో. నేను దాస్తున్నది కారును కాదు, చెత్తబుట్టలోకి పోవాల్సినదాన్ని.

దుమ్ము_దులుపు
ఈ మాట మాత్రం బాగుంది. నేను విప్పే పార్టీనే, అయినా ఒప్పుకుంటున్నా.

ముగ్గురు_రాక్షసులు
మా ఇంట్లో ఈ చర్చకి తావే లేదు. ఏడేళ్లు, ఐదేళ్లు, మూడేళ్లు. సీలు అన్నది ఈ ఇంట్లో గడప దాటేలోపే పోతుంది. మా ఆయన ఒక రోబో కొని అటక మీద పెట్టారు. పెద్దవాడు కుర్చీ మీద స్టూలు, స్టూలు మీద బకెట్ వేసి ఎక్కాడు. రోబో బాగానే ఉంది. బకెట్ పగిలింది.

సగం_రోబో
రోబో అన్నారు కాబట్టి నా గోడు చెప్పుకుంటా. పేరు చూస్తే అర్థమయ్యే ఉంటుంది.

1980ల చివర్నుంచి 90ల దాకా వచ్చిన కొన్ని ట్రాన్స్‌ఫార్మర్ బొమ్మల్లో (మెలికలు తిప్పితే రూపం మారే రోబోలు) బంగారు రంగు మెరుపులు కలిపిన ప్లాస్టిక్ వాడారు. చూడ్డానికి దేవుడి విగ్రహంలా ఉంటుంది. కొన్నేళ్లకి అది పెళుసుబారుతుంది. ఎంతగా అంటే, కీలు ఒక్కసారి తిప్పితే విరిగిపోయేంత. మా వాళ్లు దీనికి గోల్డ్ ప్లాస్టిక్ సిండ్రోమ్ అని పేరు పెట్టుకున్నారు.

నేను అలాంటి ఒకటి సీలు తీయనిది సంపాదించా. మూడేళ్లు చూస్తూ కూర్చున్నా. ఒక పుట్టినరోజు నాడు, ఇక చాలు, ఆడుకోవాలి అనుకుని విప్పా. మొదటి మెలికకే భుజం ఊడి ఒళ్లో పడింది. రెండో భుజం ముట్టుకోలేదు. ఇప్పుడది షెల్ఫ్‌లో ఒంటి చేత్తో నిలబడి నన్ను చూస్తుంది.

కాబట్టి రాజా గారూ, విప్పండి, కానీ ఏ బొమ్మ విప్పుతున్నారో ముందు తెలుసుకోండి. కొన్నింటికి "తర్వాత ఆడుకుందాం" అన్న తర్వాత ఉండదు.

రబ్బరు_రింగు
సగం, నీ కథ విన్నప్పుడల్లా నాకు జీఐ జో గుర్తొస్తుంది. 1982 నుంచి వచ్చిన ఆ చిన్న సైనికుల నడుము లోపల ఒక నల్ల రబ్బరు రింగు ఉంటుంది. కాళ్లనీ ఒంటినీ కలిపి పట్టుకునేది అదొక్కటే. రబ్బరు కదా, ముసలిదవుతుంది. కార్డు మీద నలభై ఏళ్లు కదలకుండా ఉన్న సైనికుడిని విప్పి చేతిలోకి తీసుకుంటే నడుము తెగి రెండు ముక్కలవ్వచ్చు. ఆడిన సైనికుడికైతే ఎప్పుడో ఒకప్పుడు రింగు తెగే ఉంటుంది, ఎవరో ఒకరు కొత్తది వేసే ఉంటారు. ఒక స్క్రూ తీస్తే అయిపోయే పని. అందుకే ఒక్కోసారి దెబ్బలు తిన్నవాడే గట్టిగా నిలబడతాడు, సీలు వీరుడు కూలిపోతాడు.

నా పేరు ఎక్కణ్నుంచి వచ్చిందో ఇప్పుడు తెలిసిందా.

ఊరికే_చూస్తున్నా
ఓహో. నేనింకా మీరు ప్రెషర్ కుక్కర్ రిపేర్ చేస్తారనుకున్నా.

పాత_బేరం
నేను అమ్మే వైపు నుంచి చెప్తా, ఎవరికీ నచ్చదు.

పాత బొమ్మలకి విలువ ఎందుకొచ్చింది? ఎవరూ దాచలేదు కాబట్టి. 1953లో మ్యాచ్‌బాక్స్ కార్లు మొదలైనప్పుడు, 1968లో హాట్ వీల్స్ 16 మోడళ్లతో మొదలైనప్పుడు, వాటిని ఎవరూ పెట్టుబడి అనుకోలేదు. పిల్లలు మట్టిలో తోశారు, తొక్కారు, పారేశారు. ఆ మారణహోమం తప్పించుకుని బయటపడ్డ నాలుగింటికే రేటు. ఇప్పుడేమో పెద్దవాళ్లు వెయ్యి మంది ఒకేసారి వెయ్యి కొని వెయ్యీ బీరువాల్లో పెడుతున్నారు. ఇరవై ఏళ్ల తర్వాత వెయ్యీ చెక్కు చెదరకుండా ఒకేసారి బజార్లోకి వస్తాయి. ఎవడు కొంటాడు? అందరూ అమ్మేవాళ్లే.

దీనికి పెద్ద పాఠం బీనీ బేబీస్. 1993లో వచ్చాయి, గుప్పెడంత మెత్తటి జంతువులు. ఒక్కో మోడల్‌ని "ఇక చేయం" అని కంపెనీ ఆపేస్తుంటే జనం ఎగబడ్డారు. చెవికి ఉండే కాగితం ట్యాగు నలగకుండా దానికి వేరే ప్లాస్టిక్ తొడుగులు అమ్మేవాళ్లు. 1999లో లాస్ వేగస్‌లో విడాకులు తీసుకున్న జంట ఒకటి కోర్టు హాల్లో నేల మీద గొంతుక్కూర్చుని, ఒకటి నీకు ఒకటి నాకు అని ఈ బొమ్మలు పంచుకున్నారు. ఆ ఫొటో చాలామంది చూసే ఉంటారు. ఆ తర్వాత కొద్ది కాలానికే బజారు కూలింది. ఇప్పటికీ ఇళ్లలో డబ్బాల కొద్దీ ఉన్నాయి, ట్యాగు తొడుగులతో సహా.

రాజా గారి 61లో మామూలు మోడళ్లే ఎక్కువ ఉంటాయని నా పందెం. వాటిని డబ్బు కోసం దాచినట్టయితే విప్పేయండి.

మూల_మడత
డబ్బు కోసం దాచేవాళ్లనీ ఇష్టంతో దాచేవాళ్లనీ ఒకే గాటన కట్టేస్తే ఎలా బేరం గారూ? నేను ఇంతవరకు ఒక్కటీ అమ్మలేదు.

పాత_బేరం
తెలుసు, మిమ్మల్ని మూడుసార్లు అడిగా.

ఇటుక_పిచ్చి
మా లెగో వాళ్ల దగ్గర ఈ గొడవ ఇంకో రకం. ఇటుక పేటెంటు 1958 నాటిది. అప్పటి ఇటుక ఇప్పటి ఇటుకలో టక్కున కూర్చుంటుంది. అంటే విప్పినా, కట్టినా, కూల్చినా, మళ్లీ కట్టినా వస్తువుకి ఏమీ కాదు. ఆరు ఇటుకలు, ఒక్కోదానికి పైన ఎనిమిది బొడిపెలు, ఒకే రంగువి తీసుకుంటే 91 కోట్ల 51 లక్షల 3 వేల 765 రకాలుగా కలపచ్చు. అది పెట్టెలో ఉంటే ఎన్ని రకాలు? ఒకటి. పెట్టె.

అయినా మా వాళ్లలోనూ సీలు భక్తులు ఉన్నారు. ఏం జరుగుతుందంటే లోపల స్టిక్కర్ల జిగురు ఎండిపోతుంది. పదిహేనేళ్ల తర్వాత విప్పితే ఇటుకలు కొత్తవే, స్టిక్కర్లు మాత్రం అంటుకోవు, చివర్లు పైకి లేస్తాయి.

గీతల_కారు
@ఇటుక_పిచ్చి "ఎన్ని రకాలు? ఒకటి. పెట్టె." ఇది నేను కాపీ కొట్టి మా ఆవిడకి పంపిస్తున్నా, ఆవిడ పింగాణీ సెట్టు గురించి.

దుమ్ము_దులుపు
గీతలు అన్నా, పింగాణీ జోలికి పోకు. అది వేరే యుద్ధం.

నిద్రరాని_నత్త
నేను ఎప్పుడూ రాయను ఇక్కడ, ఇవాళ రాయాలనిపించింది. విప్పినవాణ్ని. విప్పి బాధపడినవాణ్ని.

పదేళ్లు ఒక స్పేస్‌షిప్ సీలుతో నా బల్ల మీద ఉంది. రోజూ చూసేవాణ్ని. ఏదో ఒక రోజు విప్పుతా, ఆ రెక్కలు ఎలా తెరుచుకుంటాయో, లోపల పైలట్ ఎలా కూర్చుంటాడో అని ఊహించుకునేవాణ్ని. ఇలాంటి చర్చ ఒకటి చదివే, అందరూ విప్పు విప్పు అంటే ఒక రాత్రి విప్పా. రెక్కలు తెరుచుకున్నాయి. పైలట్ కూర్చున్నాడు. గది చుట్టూ ఒక రౌండు తిప్పా. పది నిమిషాల్లో అయిపోయింది. నాకు ఏడేళ్లు లేవు, నలభై మూడు. నేను ఇష్టపడింది ఆ బొమ్మని కాదు, రేపు విప్పబోతున్నా అన్న ఆశని అని అప్పుడు తెలిసింది. ఇప్పుడది షెల్ఫ్‌లో ఉంది, నేను అటు చూడట్లేదు.

విప్పొద్దని చెప్పట్లేదు. విప్పగానే బాల్యం తిరిగొస్తుందని మాత్రం అనుకోకండి.

సగం_రోబో
నత్త గారూ, నాకు భుజం పోయింది, మీకు ఆశ పోయింది. మనిద్దరం ఒక క్లబ్బు పెట్టుకుందాం.

గీతల_కారు
కొంచెం కటువుగా ఉంటుంది కానీ చెప్తా. నత్త గారు ఒంటరిగా, అర్ధరాత్రి, పరీక్ష పేపరు విప్పినట్టు విప్పారు. బొమ్మతో ఆడేటప్పుడు ఇంకో మనిషి ఉండాలి. నా దగ్గర 300 కార్లు ఉన్నాయి, ఒక్కదానికీ పెట్టె లేదు. ఆదివారం మేమిద్దరం, నేనూ మా పాపా, ట్రాకు వేసి పోటీలు పెడతాం. గెలిచిన కారు పేరు పుస్తకంలో రాస్తాం. నాలుగేళ్లుగా నడుస్తోంది లీగు. చాంపియన్ ఒక పచ్చ ట్రక్కు, రంగు సగం ఊడిపోయింది, ఒక చక్రం వంకర. నా కార్లలో అన్నిటికన్నా అరుదైన మోడల్ మొదటి రౌండులోనే ఇంటికి పోయింది. పాపకి అది అరుదని తెలియదు, "నాన్నా ఇది దండగ కారు" అంది.

రబ్బరు_రింగు
గీతలు, నీ దండగ కారు మాటకి చరిత్రలో సాక్ష్యం ఉంది. హాట్ వీల్స్‌లో ఎక్కువ మంది కలలు కనేది 1969 నాటి గులాబీ రంగు బీచ్ బాంబ్, వెనక అద్దంలోంచి సర్ఫ్ బోర్డులు బయటికి పొడుచుకొచ్చేది. అది నమూనా దశలోనే ఆగింది. ఎందుకంటే బాడీ మరీ సన్నం, బరువంతా పైన. కారుని తోసే సూపర్‌చార్జర్ అనే యంత్రంలో సరిగ్గా పరిగెత్తలేదు. అప్పుడు బాడీ వెడల్పు చేసి, బోర్డులు పక్కలకి మార్చి అమ్మారు. అంటే అందరూ అద్దాల పెట్టెలో పెట్టుకోవాలనుకునే కారు, ఆటలో ఫెయిలైన కారు.

ముగ్గురు_రాక్షసులు
మా పిల్లలకి చూపించాలి ఇది. పరీక్షల ముందు వద్దులే.

పాత_బేరం
ఇంకోటి. స్టార్ వార్స్ బొమ్మల్లో బోబా ఫెట్ వీపు మీంచి రాకెట్ దూసుకెళ్లే రకం. పిల్లల గొంతులో పడుతుందన్న భయంతో అమ్మకుండానే ఆపేశారు, రాకెట్‌ని వీపుకే అతికించి పంపారు. నమూనాలు మాత్రం మిగిలాయి, వాటి కోసం ఇప్పుడు కొట్టుకు చస్తారు. పిల్లలు ఒక్కరూ ఆడనిదానికే పిచ్చి రేటు.

మూల_మడత
మ్యాచ్‌బాక్స్ కథ కూడా చెప్పండి బేరం గారూ, మీ వాదనకి ఎదురు తిరుగుతుంది కదా అని దాచారా?

పాత_బేరం
ఎదురేం తిరుగుతుంది, చెప్తా. ఆ కంపెనీలో భాగస్వామి జాక్ ఓడెల్ కూతురి బడిలో, అగ్గిపెట్టెలో పట్టేంత బొమ్మ అయితేనే తీసుకురావచ్చని నియమం. పిల్ల కోసం ఆయన చిన్న రోడ్ రోలర్ చేసి అగ్గిపెట్టెలో పెట్టిచ్చాడు. అలా పుట్టింది ఆ పేరు. మీరు అంటున్నదేంటి, పెట్టె ముందు పుట్టింది అనా?

మూల_మడత
అదే అంటున్నా. కారు కన్నా ముందు పెట్టె ఉంది. పెట్టె కొలతకి కారు చేశారు.

గీతల_కారు
బడికి తీసుకెళ్లి ఆడుకోవడానికి చేశారు!! మడత గారు లాయరు అయ్యుంటారు కచ్చితంగా.

ఊరికే_చూస్తున్నా
కచ్చితంగా. మడత లేని కోటు.

తోటరాముడు
ఎవరూ అడగని ప్రశ్న ఒకటి. ఏడేళ్లవాడి చేతికిచ్చే ముందు చూడాల్సినవి ఏంటి? మరీ పాత బొమ్మల రంగుల్లో సీసం ఉండేది. 22 ఏళ్ల నాటివి అంత పాతవి కాకపోవచ్చు కానీ, పగిలినదాన్ని మాత్రం ఇవ్వకండి, అంచులు కోసుకుంటాయి. చిన్న అయస్కాంతాలున్నవి అసలే వద్దు, రెండు మింగితే పేగుల్లో ఒకదాన్నొకటి పట్టుకుని ప్రాణం మీదికి తెస్తాయి. బ్యాటరీ బొమ్మలుంటే ముందు డొక్క విప్పి చూడండి.

రబ్బరు_రింగు
బ్యాటరీ మాట మంచి మాట. కొన్ని పెట్టెలకి "ఇక్కడ నొక్కి చూడు" అని ఒక కన్నం ఉంటుంది కదా, దుకాణంలో నొక్కితే అరుస్తుంది. అంటే లోపల బ్యాటరీ ఉంది. సీలు వేసినప్పటి నుంచీ ఉంది. పదేళ్లకి అది కారి లోపలి రాగి రేకుల్ని తినేస్తుంది. ఆల్కలైన్ అయితే కారేది క్షారం, కాబట్టి దూదితో కొంచెం వెనిగర్ అద్ది తుడిస్తే పోతుంది. గ్లౌజులు వేసుకోండి. సీలు ఉంచాలనుకుంటే మీకు బ్యాటరీ తీసే దారే లేదు. పెట్టె మొహం తళతళ, కడుపులో పుండు.

బార్బీ_పిన్ని
మగవాళ్ల కార్ల గోలలో ఆడవాళ్ల బొమ్మలని మర్చిపోయారు. 1960ల బార్బీలకి చెవి దిద్దులు లోహంవి. ఆ లోహం తుప్పు పట్టి చెవుల చుట్టూ వినైల్ పచ్చగా మారుతుంది, "ఆకుపచ్చ చెవి" అంటాం మేము. తమాషా ఏంటంటే ఆడుకున్న పిల్లలు దిద్దులు మొదటి వారంలోనే పోగొట్టేస్తారు, ఆ చెవులు శుభ్రంగా ఉంటాయి. అపురూపంగా దాచిన బొమ్మ చెవికి దిద్దులు అలాగే ఉంటాయి, బుగ్గ దాకా పచ్చ పాకుతుంది.

నా దగ్గర ఒకటుంది, జుట్టు ఎవరో పిల్ల కత్తిరించింది, ముందు వైపు ఎగుడుదిగుడుగా. కాలి మీద పెన్నుతో గడియారం గీసింది. చేతికి కాదు, కాలికి. ఎందుకో ఎన్నేళ్లు ఆలోచించినా తెలియలేదు. బాగుచేయించుకోమని అందరూ అంటారు. నేను ముట్టుకోను. ఆ గడియారం ఎంతైందో చూస్తుంటా అప్పుడప్పుడూ. నాలుగుంపావు.

దుమ్ము_దులుపు
పిన్నిగారూ, బడి వదిలే టైం.

బార్బీ_పిన్ని
అవునేమో! ఇన్నేళ్లలో నాకు తట్టలేదు చూడు.

నిద్రరాని_నత్త
ఇది చదివాక నా స్పేస్‌షిప్‌కి ఒక గీత పడినా బాగుండు అనిపిస్తోంది.

మూల_మడత
కావాలని గీత పెట్టకండి మహానుభావా. పెయింటు గీకి, మట్టి రుద్ది "పాత లుక్" అని అమ్మేవాళ్లు ఇప్పటికే చాలామంది ఉన్నారు. కావాలని పెట్టిన గీత తెలిసిపోతుంది. అన్నీ ఒకే దిక్కున ఉంటాయి.

అద్దాల_మేడ
మధ్యే మార్గం ఎవరూ చెప్పలేదు. రెండు కొనండి. ఒకటి దాచుకోవడానికి, ఒకటి ఆడుకోవడానికి. నేను పదేళ్లుగా అదే చేస్తున్నా.

సగం_రోబో
ఆడుకోవడానికి కొన్నవి ఎన్ని విప్పారు?

అద్దాల_మేడ
...రెండు.

సగం_రోబో
ఎన్నిట్లో?

అద్దాల_మేడ
వేరే ప్రశ్న అడగండి.

గీతల_కారు
హహహ. చోటు డబుల్, జబ్బు డబుల్.

పాత_బేరం
గ్రేడింగ్ చేయించేవాళ్ల మాట కూడా అనుకుందాం. బొమ్మని పంపితే వందకి ఇన్ని మార్కులని వేసి, దళసరి యాక్రిలిక్ డబ్బాలో బిగించి ఇస్తారు. అది నకిలీలని పట్టుకోవడానికి పనికొస్తుంది, నేను కాదనను. కానీ 85 వచ్చినవాడు 90 ఎందుకు రాలేదని రాత్రులు నిద్రపోడు. బొమ్మ మనకి పిల్లాడు అనుకున్నాం, చివరికి దానికీ మార్కుల గోల తప్పలేదు.

రబ్బరు_రింగు
పైగా ఆ డబ్బాలో కూడా రసాయనం ఆగదు. పీవీసీ ఊరుతుంది, జింక్ ఉబ్బుతుంది. ఎండ తగిలితే ఏబీఎస్ అనే తెల్ల ప్లాస్టిక్ పసుపు పచ్చబడుతుంది. హైడ్రోజన్ పెరాక్సైడు పూసి ఎండలో పెట్టి తెల్లగా చేస్తారు కొందరు, పని చేస్తుంది, కానీ మళ్లీ పచ్చబడదని హామీ లేదు. వెలుతురు తగ్గించడమే మేలు. మ్యూజియాల్లో సున్నితమైన వస్తువులకి వెలుతురు 50 లక్స్ (వెలుతురు కొలత) దగ్గర ఉంచుతారు, అంటే మన కళ్లకి గది మసకగా ఉంటుంది. ఇంట్లో అలా పెట్టుకుంటే బొమ్మ బతుకుతుంది, మనం గడపకి తన్నుకుని పడతాం.

మోడరేటర్
అద్దాల_మేడ గారిని ఇక ఆటపట్టించకండి, రిపోర్టు కొట్టారు. రాజా గారూ, ఏం తేల్చారు? కత్తెర ఇంకా చేతిలోనే ఉందా?

సీలు_రాజా
చెప్తా, నిన్న వాడు వచ్చి వెళ్లాడు.

ముందు మీ మాటలన్నీ చదివి జాబితా రాశా. బేరం గారి పందెం గెలిచింది, 61లో 54 మామూలువే. మడత గారి మాట విని ఏడు పక్కన పెట్టా, కార్డు బొమ్మలు నిజంగా బాగున్నాయి, ఇన్నేళ్లూ నేను కార్డు వైపు చూడనే లేదు. పగిలినది ఒక డబ్బాలో వేశా, పారేయాలనిపించలేదు. జిగురు బొమ్మని కడిగి కిటికీ దగ్గర పెట్టా.

మిగతా 53 నేల మీద పరిచి "నీకేది కావాలో తీసుకోరా" అన్నా. నా లెక్క ప్రకారం వాడు ఎర్ర స్పోర్ట్స్ కారు వైపు పరిగెత్తాలి. చాలాసేపు అన్నీ చూసి, ఒక బూడిద రంగు లాగుడు బండి తీసుకున్నాడు. చెడిపోయిన కార్లని కొక్కేనికి తగిలించి లాక్కెళ్తుందే, అది. ఎందుకురా అంటే "దీనికి పని ఉంది" అన్నాడు.

నా చేత్తోనే బ్లిస్టర్ కోశా. చేయి వణికిందంటే నవ్వకండి. తర్వాత ఇద్దరం కలిసి ఇంకో పదకొండు విప్పాం. 22 ఏళ్లు కదలని చక్రాలు, రెండిటివి మొదట తిరగలేదు, కొంచెం అటూ ఇటూ ఆడిస్తే వచ్చేశాయి. పగిలిన కారు సంగతి చెప్తే డబ్బాలోంచి తీయమన్నాడు. తోటరాముడు గారు చెప్పినట్టు చేతికివ్వలేదు, నేనే పట్టుకున్నా. వాడు లాగుడు బండికి దాన్ని తాడుతో కట్టించి గది చివరిదాకా లాగాడు. సాయంత్రమంతా అదే ఆట. 60 మంచి కార్లు ఉండగా చచ్చిన కారుకే గిరాకీ.

గీతల_కారు
లాగుడు బండిని మా లీగులోకి పంపు గురూ. పచ్చ ట్రక్కుకి సరైన జోడీ.

సగం_రోబో
చచ్చిన కారుకి ఉద్యోగం దొరికింది. నా ఒంటిచేతి రోబోకి కూడా ఏమైనా చూడమను వాణ్ని.

నిద్రరాని_నత్త
మా అన్నయ్య కూతురు ఆరేళ్లది. ఈ ఆదివారం రమ్మన్నా. స్పేస్‌షిప్ సంగతి చెప్పలేదు, ఊరికే రమ్మన్నా.

మూల_మడత
విప్పిన పన్నెండింటి కార్డులు ఏం చేశారు రాజా గారూ? బ్లిస్టర్ జాగ్రత్తగా కోస్తే కార్డు అలాగే ఉంటుంది. పారేయకపోతే పోస్టు ఖర్చు నేను పెట్టుకుంటా.

సీలు_రాజా
పారేయలేదండీ. వాడు వాటితో గ్యారేజీ కట్టాడు.

మూల_మడత
కట్టడమంటే? మూలలు ఎలా ఉన్నాయి?

సీలు_రాజా
మూలలు లేవు. కార్లు గుచ్చుకుంటాయని కత్తెరతో అన్నీ గుండ్రంగా కోశాడు.

ఊరికే_చూస్తున్నా
మడత గారికి ఎవరైనా నీళ్లివ్వండి.